ఐదు ఆప్షన్లు, ఒక స్టీలు డబ్బా

కేథరిన్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా ప్రశ్నావళితో విసురుకుంటోంది.

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో కరెంటు పోయింది. వాన వచ్చేలా ఉంది, రావడం లేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వైజాగ్ నుంచి షిప్‌లో వచ్చిన నాకు కాళ్ల కింద నేల ఇంకా ఊగుతూనే ఉంది. ఆ ఊపులోనే మెట్లెక్కి, మళ్లీ మెట్లెక్కి వాళ్లింటికి చేరాను. వరండాలో ఒకమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి, నేను ముందుగా కొరియర్‌లో పంపిన కాగితాల కట్టని ముఖం ముందు తాపీగా ఆడిస్తోంది. పీహెచ్‌డీలో చేరి నాకది ఆరో ఏడు. నా యవ్వనం మొత్తం ఆ కట్టలోనే ఉంది.

"అది... నా క్వశ్చనేర్ అనుకుంటానండీ," అన్నాను.

"అవును. పేపరు మందంగా ఉంది, గాలి బాగా వస్తోంది," అంది, చెయ్యి ఆపకుండానే. "కూర్చోండి సర్. కెల్విన్ మీరే కదా? పేరులోనే కొలత పెట్టుకుని వచ్చారు."

కేథరిన్ ఇక్కడే పుట్టింది. హైదరాబాద్‌లో సోషియాలజీ చదివి, ఎంఫిల్ చేసి, తిరిగొచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెబుతోంది. మా యూనివర్సిటీ నాకు మాట్లాడి పెట్టిన లోకల్ కోఆర్డినేటర్ ఆమే. నన్ను ఇళ్లకు తీసుకెళ్లి పరిచయం చెయ్యడం ఆమె పని. నన్ను ఏడిపించడం ఆమె పనుల్లో ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదు.

నా టాపిక్ చెప్పుకోవడానికి చాలా గంభీరంగా ఉంటుంది. అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సొంత ఊళ్లకు తిరిగి వెళ్లాలనుకుంటున్నాయా, లేదా? ప్రతి ప్రశ్నకీ ఐదు ఆప్షన్లు. పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, చెప్పలేను, అంగీకరించడం లేదు, అస్సలు అంగీకరించడం లేదు. మా గైడు చలపతి గారు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు: "పరిశోధకుడు థర్మామీటర్‌రా. జ్వరం చూడాలి, దానికి జ్వరం రాకూడదు."

కేథరిన్ కాగితం తిప్పి పైకి చదివింది. "'స్వస్థలమునకు శాశ్వత పునరాగమనము చేయవలెనన్న ఆకాంక్ష నాకు కలదు.' ఎవరు రాశారు సర్ దీన్ని?"

"యూనివర్సిటీలో ట్రాన్స్‌లేషన్ చేయించాం."

"ఎరుకమ్మ పెద్దమ్మకి ఇది చదివి వినిపిస్తే ప్రార్థన అనుకుని ఆమేన్ అంటుంది."

"మార్చడానికి వీల్లేదండీ. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే మాటల్లో, ఒకే గొంతుతో అడగాలి. అప్పుడే పోల్చగలం. అది సైన్స్."

"మనుషులు ఒకేలా లేరు కదా?"

"అందుకేగా కొలిచేది!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కళ్లు పెద్దవి, నిద్ర చాలని కళ్లు. అప్పటికే ఆ రోజు నాలుగు క్లాసులు చెప్పి వచ్చిందని తర్వాత తెలిసింది. "చలో," అని లేచింది. "అడిగి చూడండి. నాదేం పోయింది."

*

ఎరుకమ్మ రేవు దగ్గర ఎండు చేపలు అమ్ముతుంది. వయసెంతో ఆమెకీ తెలియదు. నేను మెడలో యూనివర్సిటీ బిళ్ల సరిచేసుకుని, గొంతు ఒకే స్థాయిలో పెట్టి, ప్రశ్న మొత్తం చదివాను. ఆమె నా మెడలో బిళ్ల వైపు చూసింది. నా చేతిలో ఫారమ్ వైపు చూసింది. నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

"రాస్కో నాయనా. మాది జంగ్లీఘాట్. పుట్టిందీ ఇక్కడే, మట్టయ్యేదీ ఇక్కడే. ఎనక్కెల్లే పనే నేదు. అస్సల్నేదు."

రాసుకున్నాను. పెన్ను మూత పెట్టానో లేదో, ఆమె లోపలికి తిరిగి కోడలి మీద కేక వేసింది. "ఇదేటి సింతపండే? పులుసుకేటి పనికొస్తాది? మా సోంపేట కాడ సింతపండైతేనా, ముద్ద ముట్టుకుంటే నోరూరీది!"

"పెద్దమ్మా, ఇక్కడే పుట్టానన్నారు కదా?" అన్నాను.

"నువ్వు రాసీసినావు కదా. ఇంకేటి?"

గోడకి ఆనుకుని నిలబడ్డ కేథరిన్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "రాయండి సర్. సోంపేట చింతపండు."

"ఎక్కడ రాయను? దానికి గడి లేదు."

"చెవిన పడింది కదా?"

"పడింది. అది డేటా కాదు."

ఇలా ఇల్లిల్లూ తిరిగాం. జంగ్లీఘాట్ అయిపోయింది, డాలీగంజ్ అయిపోయింది. వాన మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. మెట్లు ఎక్కడం, దిగడం, చెప్పుల్లో నీళ్లు, ప్రతి ఇంట్లోనూ టీ. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. మాది ఇక్కడే, ఎక్కడికీ పోం, అస్సలు అంగీకరించడం లేదు. రాత్రిళ్లు టైపు చేసిందంతా పొద్దున్నే చలపతి గారికి పంపాను. ఆయన ఫోన్ చేశారు.

"ఒరేయ్ కెల్విన్, వేరియన్స్ సున్నా వచ్చిందిరా. ఇంతమందీ ఒక్క మాటే చెప్పారంటే అది ఊరా, కోరస్సా? దీంతో ఏం రిగ్రెషన్ చేస్తావు, నా తలకాయ?"

ఫోన్ పెట్టేసి రేవు గోడ మీద కూలబడ్డాను. కేథరిన్ వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో రెండు సమోసాలు. నాకొకటి ఇచ్చింది, ఏమైందని అడగలేదు. ఇద్దరం పడవల వైపు చూస్తూ తిన్నాం. చల్లారిపోయిన సమోసా అంత బాగుంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

"వాళ్లు ఇక్కడివాళ్లమని చూపించే ఐలాండర్ కార్డు వెరిఫికేషన్ అనుకుంటున్నారు," అంది కాసేపటికి. "మెడలో బిళ్ల, చేతిలో ఫారమ్. మెయిన్‌ల్యాండ్ మీద మనసుందంటే ఎక్కడ కార్డు పోతుందోనని భయం. అందుకే వాళ్లు మీకు జవాబు చెప్పలేదు, మీ ఫారమ్‌కి చెప్పారు."

"మొదటి రోజే చెప్పొచ్చు కదండీ!"

"చెబితే వినేవారా?"

వినేవాణ్ణి కాదు.

"నా ఎంఫిల్ ఇదే," అంది. "ప్రాగ్మాటిజం. తెలుగులో వ్యావహారిక సత్తావాదం అంటారట. వైవాలో ఆ మాట పలకడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొచ్చింది."

"అంటే, పనైపోతే చాలు, నిజంతో పనిలేదనేగా?"

"అందరూ ఇదే అంటారు!" విసుగ్గా చేతులు దులుపుకుంది. "కాదండీ బాబూ. మనిషి ఏం నమ్ముతున్నాడో వాడి మాటలో కాదు, ఆ నమ్మకం పెట్టుకుని వాడు చేసే పనిలో తెలుస్తుంది. మీరేమో బయట నిలబడి చూస్తానంటారు. బయట అనే చోటే లేదు. మీరు మెట్లెక్కిన రోజే ఈ వీధి మారిపోయింది. అందుకని దాపరికం వదిలేసి, వాళ్లకీ అక్కరకొచ్చే పని ఒకటి పెట్టుకుని వెళ్లాలి. ఏం జరుగుతుందో చూడాలి. తప్పైతే మార్చుకోవాలి."

"నాకు నమ్మకం లేదు."

"నమ్మక్కర్లేదు, చేసి చూడండి. వచ్చే షిప్‌కి మీరు వైజాగ్ వెళ్లి తిరిగొస్తారు కదా? ఆ బిళ్ల జేబులో పెట్టేసుకుని, అదే అడగండి. వైజాగ్ వెళ్తున్నాను, ఏం తెమ్మంటారు అని."

"నిజంగా తేవాలా?"

"మరి? తేకపోతే అబద్ధం అడిగినట్టేగా!"

*

తలుపులు తెరుచుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఎరుకమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. సోంపేట కొత్త చింతపండు కావాలంది, ఎవరి దగ్గర కొనాలో చెప్పింది, అక్కడ ఆమె అన్న కొడుకు ఉంటాడని, వాడు చిన్నప్పుడు ఈమె భుజం మీదే పెరిగాడని, ఒక్కసారి ఫోన్ చెయ్యమని చెప్పమంది. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. వెనక్కి వెళ్లిపోతారా పెద్దమ్మా అని అడిగాను, ఈసారి మామూలుగా. "నానెందుకెల్తాను? నా మనవలిక్కడ, నా సర్చీ ఇక్కడ. ఆడే ఓపాలి వొస్తే బాగుండు," అంది.

ఆ వీధిలోనే ఉండే గవరమ్మ ఏమీ అడగలేదు. పైగా వైజాగ్‌లో చెల్లెలికిమ్మని ఎండు చేపల మూట కట్టి ఇచ్చింది. ఆమె కొడుకు మల్లేశు బోటు ఇంజన్లు బాగుచేస్తాడు, మెయిన్‌ల్యాండ్ ముఖం ఎరుగడు. "క్యా లాయేగా భయ్యా, ఉధర్ ఏముంటది? ఇంజన్ పార్టులుంటే తే," అన్నాడు. డాలీగంజ్‌లో ఒక టీచరు గారు పిల్లల కోసం తెలుగు వాచకాలు తెమ్మన్నారు. పిల్లలు మాట్లాడతారు కానీ అక్షరం ముక్క చదవలేరట.

తిరిగొస్తూ అన్నాను, "వీళ్లకి వెళ్లాలని లేదు. తెప్పించుకోవాలని ఉంది. రెండూ ఒకటే అనుకుని ఒకే గడిలో పెట్టేశాను."

"చూశారా, థర్మామీటర్‌కి జ్వరం వచ్చింది," అంది కేథరిన్.

జ్వరం వచ్చిన మాట నిజమే, కానీ ఆమె అనుకున్న జ్వరం కాదు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. అలిసిపోయి ఆమె మెట్ల మీద కూర్చుని చెప్పుల్లో నీళ్లు ఒంపుకునేటప్పుడు చూశానా, అప్పుడు కావచ్చు. నేను కూడా అంతే అలిసిపోయి ఉండేవాణ్ణి. నాతో ఉత్సాహంగా మాట్లాడే మనుషులంటే నాకు ఆరేళ్లుగా భయం. ఈమె పక్కన నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ప్రాణం హాయిగా ఉండేది. ప్రేమంటే గుండె దడ అంటారు. నాకైతే మొదటిసారి గుండె నెమ్మదించింది.

మరి ఆమెకో? నేను నాకొచ్చిన పద్ధతిలోనే కనుక్కోవాలనుకున్నాను. దూరంగా ఉండి, గమనించి. గొడుగు ఎప్పుడూ నా వైపే వంచుతుంది. అనుకూలం. టీ నాకే ముందు పోస్తుంది. అనుకూలం. కానీ పదిమందిలో నన్ను "భయ్యా" అంటుంది. ఆటో అతన్నీ భయ్యా అంటుంది, కొబ్బరిబోండాల అతన్నీ భయ్యా అంటుంది. ఈ ఊళ్లో అందరూ అందరికీ భయ్యాలే అని తెలుసు. తెలిసినా ఆ మాట విన్న ప్రతిసారీ నా డేటా మొత్తం మునిగిపోయేది. అడిగేద్దామంటే, అడిగాక ఈ గోడ మీద ఈ పక్కన ఈ చోటు కూడా పోతుందేమోనని భయం.

*

ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింట్లో భోజనం. కేథరిన్ నాన్నగారు ఏలీయా గారు హార్బర్ ఫెర్రీలో పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో పెద్ద. చేపల పులుసు వడ్డిస్తూ, కేథరిన్ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"బాబూ కెల్విన్, జనం మనసులో ఏటుందో కనుక్కునే సదువే కదా నీది?"

"అలాగే అనుకుంటానంకుల్."

"అయితే నాకో సాయం చెయ్యి. అమ్మాయికి కాకినాడ సంబంధం వొచ్చింది. కుర్రోడు బ్యాంకులో. మంచి కుటుంబం. ఇది అవుననదు, కాదనదు. అడిగితే సూద్దాం డాడీ అంటాది. ఈ వారంలో వాళ్లకి జవాబు చెప్పాల. నేను తండ్రిని కదా, నా కాడ దాస్తాది. నువ్వు బయటోడివి. బయటోళ్ల కాడైతే నిజం చెప్తారు కదా, మీ లెక్కలో?"

నా లెక్కే. నాకే ఎదురు తిరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని అర్థమైంది. అంకుల్, ఆ పని నా వల్ల కాదు, నేను బయటివాణ్ణి కాను అనాలి. "అడుగుతానంకుల్," అన్నాను.

ఆ సాయంత్రం రేవు పక్కన నడుస్తుంటే చినుకులు మొదలయ్యాయి. ఒకే గొడుగు. యథాప్రకారం నా వైపే వంగి ఉంది. ఆమె ఎడమ భుజం తడుస్తోంది.

"కేథరిన్ గారూ, ఒక ప్రశ్న అడగాలి."

ఆమె ఆగింది. గొడుగు కింద ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. చూసి కూడా, ఆరేళ్లు తర్ఫీదైన నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"'కాకినాడ సంబంధం నాకు సమ్మతమే.' ఈ వాక్యంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు? పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను, చెప్పలేను..."

"సీరియస్‌గానే అడుగుతున్నారా?"

"న్యూట్రల్‌గా అడుగుతున్నాను. అంకుల్ కనుక్కోమన్నారు."

"మీరు అడగాలనుకున్న ప్రశ్న ఇదేనా? ఇంకేం లేదా?"

"ఇదే," అన్నాను.

ఆమె కళ్లలో అంత అలసట నేను ఎన్నడూ చూడలేదు, ఎండలో మెట్లెక్కిన రోజు కూడా.

"పూర్తిగా అంగీకరిస్తున్నాను," అంది. "టిక్ పెట్టుకోండి భయ్యా."

గొడుగు నా చేతిలో పెట్టి వానలోకి నడిచి వెళ్లిపోయింది. నేను పొడిగా నిలబడ్డాను. అంత దిక్కుమాలిన పొడితనం పగవాడికి కూడా వద్దు.

ఏలీయా గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, "ఓహో. అలాగా. సరే బాబూ," అన్నారు. సంతోషించినట్టు అనిపించలేదు. నా చూపే సరిగా లేదేమో అనుకున్నాను.

*

షిప్ బయల్దేరే రోజు జెట్టీ దగ్గర ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది. చేతిలో మూతున్న స్టీలు డబ్బా. దాని మీద చుక్కలతో చెక్కిన పేరు: ఏలీయా, జంగ్లీఘాట్.

"ఎండు రొయ్యలు. మీ అమ్మగారికి," అంది, నా భుజం మీదుగా సముద్రాన్ని చూస్తూ. "డబ్బా మాత్రం తిరిగి రావాలి. ఖాళీగా తేకూడదు. మా ఇంట్లో ఖాళీ డబ్బా వెనక్కి తీసుకోం."

"ఊరందరూ ఏదో ఒకటి తెమ్మన్నారు. మీరేం అడగలేదు."

"నాకేం వద్దు. డబ్బా తెండి, చాలు."

"కేథరిన్ గారూ..."

"షిప్ హారన్ కొడుతోంది సర్. వెళ్లండి."

మూడు రోజుల సముద్రం. బంక్ మీద ఆ డబ్బా పక్కన పెట్టుకుని పడుకున్నాను. చుట్టూ అందరూ వాంతులు, మూలుగులు. నాకు ఆ కడుపు తిప్పడం కూడా లేదు. నాకున్నదల్లా ఒక జవాబు, నేనే నా నోటితో అడిగి తెచ్చుకున్నది. దాన్ని అటు తిప్పినా ఇటు తిప్పినా పూర్తిగా అంగీకరిస్తున్నాననే ఉంది.

ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ పేరు మేరి. నర్సుగా చేసి రిటైరైంది. ఎవరి మాటా ఉత్తినే నమ్మదు, నాడి పట్టుకుని చూస్తుంది. నేను అన్నం కెలుకుతుంటే రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు పళ్లెం లాగేసుకుంది.

"ఏమైంది? చెప్పు."

చెప్పాను. గొడుగు, సమోసా, కాకినాడ, అన్నీ.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు," అంది అమ్మ. "నీకు అడక్కుండా పెట్టి పెట్టి పాడు చేశాను. ఆ పిల్లనెందుకు అడగలేదురా?"

"అడిగానమ్మా."

"నీ సంగతి అడిగావా?"

"కాదు. కాకినాడ సంగతి. ఐదు ఆప్షన్లతో."

అమ్మ నుదురు కొట్టుకుంది. "నా కడుపున ఎలా పుట్టావురా నువ్వు! నీతో బతకాలనుకున్న పిల్లని పట్టుకుని, వేరేవాణ్ణి చేసుకుంటావా, ఒకటా రెండా అని అడుగుతావా? నేనైతే గొడుగు నీ నెత్తిన కొట్టి పోయేదాన్ని." లేచి వెళ్లి, గట్టు మీద కడిగి బోర్లించిన డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది తిరిగి తెమ్మంది కదా?"

"అవును. ఖాళీగా తేవద్దంది."

"ఎక్కడికి తెమ్మంది?"

"జంగ్లీఘాట్‌కి."

"పెళ్లి చేసుకుని కాకినాడ పోయే పిల్ల, జంగ్లీఘాట్‌లో డబ్బా కోసం ఎందుకురా ఎదురుచూస్తుంది?"

ఎరుకమ్మ ఫారమ్‌కి జంగ్లీఘాట్ అని చెప్పి, కోడలికి సోంపేట అని చెప్పడం నా కళ్లారా చూశాను. దాని మీద చాప్టరు రాయడం కూడా మొదలుపెట్టాను. అదే పని ఈ పిల్ల నా ముందు నిలబడి చేస్తే, బుద్ధిగా టిక్ పెట్టుకుని వచ్చాను.

"ఫోన్ చేస్తాను," అని లేచాను.

"కూర్చో. ఫోన్‌లో మళ్లీ ఆప్షన్లు చదువుతావు. డబ్బా ఫోన్‌లో పోదు కదా, పట్టుకెళ్లు." డబ్బా మూత తుడుస్తూ, "నేనూ వస్తాను. డబ్బా ఆడవాళ్లకిచ్చింది. ఆడవాళ్లే తిరిగివ్వాలి," అంది.

ఆ తర్వాత పడ్డ తిప్పలు చెబితే ఇంకో పీహెచ్‌డీ అవుతుంది. సోంపేట బస్సు, అక్కణ్ణుంచి ఆటో, చింతపండు, ఎరుకమ్మ అన్న కొడుకుని పట్టుకుని నా ఎదురుగానే ఫోన్ చేయించడం, ఇంజన్ పార్టులు, వాచకాలు. గవరమ్మ చెల్లెలు ఎండు చేపల మూట అందుకుని ఏడ్చి, అంతకు రెండింతల మూట తిరిగి కట్టింది. చలపతి గారిని కలిసి అంతా చెప్పాను. "దీన్ని కొలిచే స్కేలు ఏదిరా?" అన్నారు. లేదండీ అన్నాను. "నాకూ ఓపిక అయిపోయింది. రాసి చూడు. నిలబడితే నిలబడుతుంది," అన్నారు.

అమ్మ సున్నుండలు చేసి డబ్బా నింపింది. షిప్‌లో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కనపడ్డ ప్రతి కెరటానికీ కళ్లు మూసుకుంది. "ఎర్ర సముద్రాన్ని చీల్చినోడివి, దీన్ని కాసేపు ఊరుకోమని చెప్పలేవా తండ్రీ," అని పైకే ప్రార్థన చేసింది. ఏమీ తినలేకపోయింది. డబ్బా మాత్రం వదల్లేదు.

*

జెట్టీ మీద సన్నగా జల్లు. జనంలో ముందు ఏలీయా గారు కనిపించారు. ఆ పక్కన, గొడుగు లేకుండా, కేథరిన్.

"వందనాలంకుల్," అన్నాను.

"నీ సర్వే తప్పింది బాబూ," అన్నారాయన, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా. "నువ్వు షిప్పెక్కిన సాయంత్రమే కాకినాడోళ్లకి కాదని చెప్పించీసింది."

"మరి... నాకెవరూ చెప్పలేదే?"

"నేను ఫోన్ చేస్తానంటే వొద్దంది. డబ్బా వస్తాదో రాదో సూద్దాం డాడీ అంది."

కేథరిన్ నన్ను చూడటం లేదు. నా వెనక వస్తున్న అమ్మని చూస్తోంది. అమ్మ ముఖం పచ్చగా వాడిపోయి ఉంది. జుట్టు రేగిపోయింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, మా సూట్‌కేసు మీదే చతికిలబడి, డబ్బా ఎత్తి పట్టుకుంది.

"ఏమ్మా, ఈ డబ్బా నీదేనా?"

"నాదేనండీ," అంది కేథరిన్, చిన్న గొంతుతో.

"మూడు రోజులు కక్కుకుంటూ తెచ్చాను తల్లీ. తీసి చూసుకో. ఖాళీగా మాత్రం తేలేదు."

కేథరిన్ నేల మీద మోకాళ్లమీద కూర్చుని మూత తీసింది. షిప్ ఊపుకి ఒక్క సున్నుండ కూడా నిలవలేదు, అంతా పొడి. ఆమె వేళ్లతో ఇంత తీసి నోట్లో వేసుకుంది. కళ్లు నిండిపోయాయి, నవ్వు ఆగలేదు, పొలమారింది. అమ్మ వీపు మీద తట్టింది.

ఇక ఆగలేకపోయాను. ఆమె ఎదురుగా నేనూ కూర్చున్నాను. తడి సిమెంటు. ప్యాంటు పాడైతే పాడైంది.

"కేథరిన్. నువ్వంటే నాకు ఇష్టం. ఆ గోడ మీద సమోసా తిన్న రోజు నుంచి, అంతకు ముందు నుంచీ కూడా. నన్ను పెళ్లి చేసుకుంటావా? ఆప్షన్లేం లేవు."

"ఆ సాయంత్రం ఇదే అడుగుతావనుకున్నాను," అంది. మొదటిసారి నువ్వు అంది. "భుజం తడిసిపోతున్నా గొడుగు నీకే పట్టాను. ఇంకెలా చెప్తారు మనిషికి?"

"నాకు తెలిసేది కాదు. నేను బయట నిలబడ్డాను."

"నేను ఇక్కణ్ణుంచి రాను కెల్విన్. నా కాలేజీ, నా మనుషులు, అన్నీ ఇక్కడే. నువ్వు ఉంటావా ఇక్కడ?"

పూర్తిగా అంగీకరిస్తున్నాను అన్న మాట నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఈ ఊళ్లో ఎంతమంది చెబితే రాసుకున్నానో, ఎందుకు చెప్పారో, ఇప్పుడు నాకు తెలుసు. మింగేశాను.

"తెలీదు. ఎప్పుడూ ఉండలేదు కదా," అన్నాను. "ఉండి చూస్తాను. ఈ పూట నుంచే. నీతో."

నిద్ర చాలని ఆ పెద్ద కళ్లు మెల్లగా నవ్వాయి. తడి చేతిని నా చేతిలో పెట్టింది. వేళ్లకి మినప్పిండి అంటుకుని ఉంది.

"ఇంతకాలానికి నమ్మేలాంటి మాట ఒకటి చెప్పావు," అంది.

ఏలీయా గారు గట్టిగా గొంతు సవరించుకుని, పడవల వైపు తిరిగి, అద్దాలు తుడుచుకోసాగారు.

"మీ మాటలైపోతే నాదొక ప్రశ్న," అంది అమ్మ, సూట్‌కేసు మీద నుంచి. "ఇక్కణ్ణుంచి వైజాగ్‌కి నేల మీద నడిచిపోయే దారేమైనా ఉందా అమ్మా?"

"లేదండీ," అంది కేథరిన్.

"అయితే నేనూ ఉండి చూస్తాను," అంది అమ్మ. కేథరిన్ భుజం పట్టుకుని లేచి, మెట్లెన్ని ఎక్కాలో అడిగింది.